రాకెట్టు బిళ్ళ

తప్పు చంద్రుడి మీదికి రాకెట్టు పంపినవాళ్లది కాదు. వాన పడినాక కూడా విత్తనకాయల్ని గోదాములో పెట్టి తాళమేసుకున్నవాళ్లది. మనుషులు నిలబడలేక చెప్పుల్ని వరసలో పెట్టే గతి తెచ్చినవాళ్లది.

చంద్రయానం ఎగిరిన మరుసటి ఏడు, జూన్‌లో ఒక మంచి వాన పడింది. రామలక్ష్మమ్మ చేనిలో విత్తే పదును రేపటి దాకానే. ఈరోజు విత్తన శనక్కాయలు దొరక్కపోతే ఈ ఏడు చేను బీడే. పొద్దున్నే ఆమె మండలానికి బయలుదేరుతుంటే మొగుడు సుంకన్న ఒక చిన్న పని చెప్పాడు. గుంతకల్లు దగ్గర రైలుగేటు కాసి రిటైరైన ఆయనకు నాణేల పిచ్చి. చంద్రయానం గుర్తుగా చేసిన నాణెం ఒకటి పోస్టులో తెప్పించుకున్నాడు. ఒకవైపు చంద్రుడు, ఇంకోవైపు రాకెట్టు. దానికి సరిపోయే డబ్బీ కావాలి.

"కొలతకు దీన్నే తీసకపో. పారేసినావంటే నువ్వూ ఇంటికి రావద్దు."

"నేను తప్పిపోతే ఇంత ఏడుస్తావా నువ్వు?" అంటూ ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

బస్టాండు దగ్గర డబ్బీ కొని గోదాముకు పోయింది. నిన్న సాయంత్రమే పెట్టిపోయిన ఆమె చెప్పులు వరస తోక దగ్గరున్నాయి. వక్క కోసం ముడి విప్పితే నాణెం దొర్లింది. వెనకున్న చిన్నప్ప అందుకున్నాడు.

"ఏమక్కా, రాకెట్టు బిళ్ళ? ఎందుకిచ్చినారు?"

"కొలతకిచ్చినారప్పా, ఇట్లియ్యి."

ఆమె చెప్పింది డబ్బీ కొలత. చిన్నప్ప విన్నది కాయల కొలత. ఆ మాట వరస మొదటికి చేరేసరికి బిళ్ళ లేనివాళ్లకు కాయలే లేవన్నంత అయింది. జనం ఎవరి చెప్పులు వాళ్లు చేతబట్టుకుని బిళ్ళల కోసం మండలాఫీసుకు పరుగెత్తారు. వరసలో ఒక్క జతే మిగిలింది.

కిటికీలోని గుమాస్తాకు ఈ బిళ్ళల సంగతి తెలియదు. తెలియదని ఒప్పుకోలేక పైవాడికి ఫోన్ చేశాడు. పైవాడికీ తెలియదు. బిళ్ళ ఉన్నవాళ్లకు ముందు ఇచ్చెయ్యమన్నాడు.

"ఇది మా ఆయనదప్పా, కాయలకు కాదు," అంది రామలక్ష్మమ్మ.

"పట్టా మీ ఆయన పేరుమీదే కదమ్మా? అయితే బిళ్ళా ఆయనదే. ఇట్లియ్యి."

ఆమె మొగుణ్ణి తలచుకుంది. చేనిని తలచుకుంది. బిళ్ళ కిటికీలో పెట్టింది. గుమాస్తా రిజిస్టరులో ఎక్కించి, కాయల మూటలూ ముద్రేసిన రసీదూ ఇచ్చాడు: 'రాకెట్టు బిళ్ళ, ఒకటి, ముట్టినది.'

బిళ్ళలు లేవని తెలిసి తిరిగొచ్చిన జనం గోదాము తలుపుకు అడ్డం కూర్చున్నారు. సాయంత్రానికి అందరికీ బిళ్ళ లేకుండానే కాయలు పడ్డాయి. రామలక్ష్మమ్మ బిళ్ళ కోసం మళ్లీ కిటికీ దగ్గరికి పోతే, రిజిస్టరులోకి ఎక్కింది వెనక్కి రాదన్నాడు గుమాస్తా.

ఇంట్లో సుంకన్న మూటల్ని చూశాడు, డబ్బీ తెరిచి చూశాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"పదును పోకముందే వచ్చినావులే," అని రసీదును నాలుగు మడతలు పెట్టి డబ్బీలో పెట్టాడు. "కొలత సరిగ్గానే తెచ్చినావు." ఆమె పక్కనే కూర్చుని కాయలు ఒలవడం మొదలుపెట్టాడు.

వచ్చే ఏడు వానకు ముందే కాయలు ఊళ్లలోకి రావాలి. చెప్పులు కాళ్లకే ఉండాలి. చంద్రుడిదాకా పోయిన దేశం గోదాము కిటికీదాకా పోయి ఆ బిళ్ళను రేపే తెచ్చివ్వాలి. రుజువు కావాలంటే రసీదు ఉంది.