గాలి అత్తందా, అక్కా?

ఆ శుక్రవారానికి భూమేశ్ వేసుకున్న పథకంలో వంకేమీ లేదు. పొద్దున్నే యజమానురాలి కారు తుడవాలి, ఇస్త్రీ అంగీ తొడగాలి, బస్సెక్కి సులైబియా పోవాలి. అక్కడ ఒక తోట ఇంట్లో వంట చేసే భార్య మల్లక్క దగ్గర సాయంత్రం దాకా కూర్చోవాలి. ఇద్దరూ ఉండేది కువైట్‌లోనే. అయినా ఇద్దరికీ ఒకే శుక్రవారం సెలవు కుదరడం అమావాస్యనాడు వెన్నెల కాసినట్టే. ఈ చలికాలంలో ఇదే మొదటిసారి.

జాబ్రియాలో అతను డ్రైవరుగా ఉన్న ఆ ఇంటికి మధ్యాహ్నం మగపెళ్లివారు వస్తున్నారు. హాల్లోకి వేడిగాలి ఊదే ఫ్యానేమో ఆ రోజే మొరాయించింది.

"మెకానిక్ తౌఫిక్ ఫోనెత్తడం లేదు," అంది ఇంటి యజమానురాలు. పనివాళ్లందరికీ ఆమె మామా. "హాలు వేడెక్కితే నీకు సెలవు, భూమేశ్. లేకపోతే సెలవు ఖలాస్. లోపల చాక్లెట్లు సర్దాను, కొత్త తివాచీ పరిచాను. అతిథులకంటే ముందు ఎవరూ అడుగు పెట్టొద్దు." హాలు తలుపులు మూసి, కూతురి సింగారానికి తానే కారు తోలుకుంటూ పోయింది.

భూమేశ్ తౌఫిక్ నంబరు నొక్కి నొక్కి విసిగి, అంగీ చేతులు పైకి మడిచాడు.

"డబ్బాల పెట్టిన ఫ్యానే గదా, అక్కా! జగిత్యాలల బోరుమోటరే నా మాటిన్నది. ఇదెంత?"

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న కోనసీమ పాపాయమ్మ తలెత్తలేదు. "నీ మాటిందో లేదో నాకేటి తెలుసురా బాబూ! నన్ను మాత్రం కదపమాకు."

కదపక తప్పలేదు. ఊళ్లో మోటరు పట్టించేటప్పుడు ఒకరు స్టార్టరు దగ్గరా ఒకరు పైపు దగ్గరా నిలబడతారు. ఇక్కడా అంతే. అతను మేడ మీద వేడిగాలి యంత్రం దగ్గర, ఆమె కింద గోడలో గాలికని పెట్టిన జాలీ దగ్గర. హాల్లోకి పోకూడదు కాబట్టి వంటింటి బయట నడవా గోడకున్న జాలీని ఎంచుకున్నారు. ఇంట్లోకెల్లా పెద్దది అదే. పెద్ద జాలీలోంచే పెద్ద గాలి వస్తుందని ఇద్దరూ ఒప్పుకున్నారు.

మేడ మీద మూడు యంత్రాలున్నాయి. తక్కిన రెండూ పెడుతున్న రొదకు తన మాట తనకే వినబడటం లేదు. హాలు యంత్రం మూత ఒక మూల ఊడి వేలాడుతోంది. భూమేశ్ కరెంటు ఆపి, మూత తీసి, దుమ్ము తుడిచి, ఫ్యాను చేత్తో తిప్పి చూశాడు. సుతారంగా తిరిగింది. మూత గట్టిగా బిగించి స్విచ్చి వేశాడు.

"గాలి అత్తందా, అక్కా?" అని ఫోనులో అరిచాడు.

"రాట్లేదురా!"

మళ్లీ మూత తీశాడు. ఈసారి తెరిచి ఉంచే స్విచ్చి వేశాడు. ఫ్యాను కదలలేదు. "నేను గుడ్లప్పగిచ్చి సూస్తుంటెనే తిరుగుతలేదు, సూడకుంటె తిరుగుతదా?" అని దాన్నే నిలదీశాడు. తీగలు ఊదాడు, పెట్టెను నాలుగు చరిచాడు, మూత బిగించాడు.

"గాలి అత్తందా?"

"రాట్లేదని చెప్తంటే! రాకపోగా నా చున్నీ పోయి జాలీకి అతుక్కుపోయిందిరా! ఎవరో లోపల్నుంచి లాగుతున్నట్టుంది. దెయ్యం కాదు గదా?"

భూమేశ్ ముఖం వెలిగిపోయింది. "దయ్యం గాదక్కా, మోటరు ఉల్టా తిరుగుతంది! ఫేజులు మారినయి!" బోరు దగ్గర ఇలాంటివి ఎన్ని చూడలేదు! రెండు తీగలు అటుదిటు మార్చి బిగించాడు.

"ఇప్పుడు మెల్లిగా లాగుతంది," అంది పాపాయమ్మ.

మళ్లీ మొదటిలాగే బిగించాడు.

"అమ్మో, మళ్లీ గట్టిగా లాగేత్తంది! నీకు దండం పెడతాను, పొయ్యి మీద అన్నం మాడిపోతందిరా!"

"జరంత ఆగక్కా. దానికి బలం సాల్తలేదు. గోడకున్న మీటను వేడి దిక్కు ఆఖరిదాక తిప్పు!"

నడవా మంచుగడ్డలా ఉంది. పాపాయమ్మ మీటను ఆఖరి గీత దాకా తిప్పి, పళ్లు కొరుకుతూ నిలబడింది.

ఇంతలో మల్లక్క ఫోన్. "బయలెల్లినవా? సర్వపిండి చల్లారిపోతంది."

"అయిపాయె, గింతంత పని మిగిలింది. పట్టిన పట్టు ఇడుస్తనా?"

"నువ్వు పెండ్లి జేస్కున్నది నన్నా, ఆ మోటరునా?" అని పెట్టేసింది.

భూమేశ్ పౌరుషంగా మళ్లీ మూత విప్పబోతుండగా, జగిత్యాల వైపువాడే అయిన తౌఫిక్ నమాజు ముగించుకుని ఫోన్ చేశాడు. సంగతంతా విని నిట్టూర్చాడు.

"అరే భాయ్, మూత కింద బటన్ ఉంటది. మూత సక్కగ కూసుంటెనే ఫ్యానుకు కరెంట్. నువ్వు మొదలు బిగిచ్చినవ్ సూడు, అప్పుడే రిపేర్ అయిపాయె."

"మరి గాలేది?"

"ఏ జాలీకాడ సూసిన్రు?"

"పెద్దదాని కాడ."

"అది గాలిని గుంజుకునే జాలీ, భాయ్! ఊదేటియి హాల్ల ఉన్నయి."

భూమేశ్ మెట్లు దిగలేదు, దొర్లాడు. హాలు తలుపు తీసేసరికి రోహిణీకార్తె ఎండ ముఖాన కొట్టింది. పూలు తలలు వాల్చేశాయి. వెండి పళ్లెంలో గోపురంలా పేర్చిన చాక్లెట్లు కరిగి, మెరుపు కాగితాలతో సహా ఒకే ముద్దయ్యాయి.

"ఇయ్యి చాక్లెట్లా, చింతపండు గుజ్జా?" అంది పాపాయమ్మ, వెనకనుంచి తొంగిచూసి.

గేటు దగ్గర హారన్లు మోగాయి. మామా కారు, దాని వెనకే మగపెళ్లివారి కార్లు. భూమేశ్ సెలవు సంగతి మరిచి, ఉద్యోగం సంగతి తలుచుకున్నాడు.

ముందుగా పెళ్లికొడుకు నాయనమ్మ వచ్చింది, చలికి దగ్గుతూ, చేతులు రుద్దుకుంటూ. హాల్లో అడుగుపెట్టి ఆగింది. సోఫాలో కూలబడి, మేజోళ్లు విప్పి కాళ్లు బారచాపింది. చాక్లెట్ ముద్దను చూసి చెంచా తెప్పించుకుంది. ఆ ముద్దను చూడగానే కరిగిపోయిన మామా ప్రాణం మళ్లీ గట్టిపడటం మొదలైంది.

"ఈ చలికాలంలో నా ఎముకలు వెచ్చబడటం ఇదే," అంది ముసలామె అరబీలో. "హీటరు బాగుచేసింది ఎవరు?"

"మా భూమేశ్," అంది మామా గర్వంగా. "ముహందిస్!" ముహందిస్ అంటే ఇంజనీరు.

"మా ఇంట్లో ఫ్యాను ఎప్పటినుంచో తిరగడం లేదు. ఇతన్ని ఇప్పుడే పంపించు."

మగపెళ్లివారు నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. మామా మరి ఆలోచించలేదు. "యల్లా, భూమేశ్! వాళ్ల డ్రైవరు వెంట పో. రాత్రి అయినా పర్వాలేదు."

భూమేశ్ కారెక్కి మల్లక్కకు ఫోన్ చేశాడు. "ఏమనకే. నన్ను ఇంజనీరన్నరు. వేరే ఇంటికి తోలుతున్నరు."

అటునుంచి సర్వపిండి మీద మూత పెట్టిన చప్పుడైంది.

"ఇంజనీర్లకు శుక్రవారం సెలవుంటదట గదా," అంది మల్లక్క, "జర అడిగి సూడు."