అర్హత పొందిన కలుపు

కలుపు మొలవడం ప్రకృతి ధర్మమే గాని, దాన్ని తీయడం మాత్రం పూర్తిగా పరిపాలనా వ్యవహారమని యాంత్రిక కలుపు నివారణ విభాగం ఎప్పుడో తేల్చేసింది. ఆ సంగతి తెలియని కాశమ్మ, ఆనందపురం అవతల తన అరెకరంలో చెట్టుచిక్కుడు వేసి, కలుపు తీసే యంత్రం కోసం యాప్‌లో దరఖాస్తు పెట్టింది.

ఫోటో చూసిన యాప్, "మీ కలుపు ఇంకా బాల్యదశలో ఉంది. అర్హత సాధించాక మళ్లీ ప్రయత్నించండి" అంది. (చిక్కుడు మొక్కలకు ఇలాంటి వయోపరిమితి లేదు. అవి ఎప్పుడైనా చచ్చిపోవచ్చు.)

కలుపు పెద్దదయ్యాక కాశమ్మ మళ్లీ దరఖాస్తు పెట్టింది. అది పరిశీలనలో ఉండగానే చిక్కుడు పాలిపోసాగింది. ఇక చూస్తూ ఊరుకోలేక కలుపు తవ్వే గొప్పు పట్టుకుని, నడుం పడిపోయేలా చేనంతా తనే బాగుచేసి, పీకిన తుంగా గరికా గట్టు మీద పడేసింది.

మర్నాడు పొద్దున్నే యంత్రం వచ్చింది. దాంతోపాటు డ్రైవరు గవర్రాజు, కలుపు నిర్ధారణాధికారి దేవీప్రసాద్ దిగారు.

"కలుపేదమ్మా?" అన్నాడు దేవీప్రసాద్.

"పీకీసినాను బాబూ. మొక్కలు సచ్చిపోతంటే ఎన్నాళ్లని సూత్తాను?"

"పరిశీలనలో ఉన్న కలుపును ముట్టుకోకూడదు. కలుపు లేదంటే సాగు లేదన్నమాట. చేను బీడని రాయాల్సొస్తుంది."

(విశాఖ శివార్లలో బీడని రాసిన నేల ఎన్నాళ్లో బీడుగా ఉండదు. కంటైనరు లారీలొచ్చి నిలబడతాయి.)

కాశమ్మ చేను కేసి చెయ్యి చూపించింది. "ఎదురుగా సిక్కుడు కనబడతన్నాది కద బాబూ!"

"నాకు కనబడుతోందమ్మా. మా విభాగానికి కనబడదు."

గవర్రాజు దగ్గరకొచ్చి గొణిగాడు. "పిన్నీ, గట్టుమీద గడ్డి ఇంకా పచ్చిగానే ఉన్నాది. మళ్లీ పాతీ. ఫోటో తీసుకుని ఎల్లిపోతాడు."

మధ్యాహ్నం దాకా కాశమ్మ కలుపు నాటింది. పుట్టింట్లో గాని అత్తింట్లో గాని ఎవరూ చేయని వ్యవసాయం. వాడిపోయి కనిపిస్తే ఒప్పుకోరని నీళ్లు కూడా పోసింది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తుంటే తలెత్తలేదు. సాళ్లు వంకర పోతున్నాయని దేవీప్రసాద్ దగ్గరుండి సరిచేయించాడు.

అంతా అయ్యాక గవర్రాజు యంత్రం స్టార్ట్ చేశాడు. అది రెండుసార్లు దగ్గి, బెల్టు తెంపుకుని ఆగిపోయింది.

"బెల్టు వన్ టౌన్‌ నుంచి తేవాల సార్."

"అక్కర్లేదు. యంత్రం చేలో ఉంది, కలుపూ చేలో ఉంది. మిగతాది సాంకేతికం" అని దేవీప్రసాద్ ఫోటో తీసి, పని పూర్తయినట్టు నమోదు చేసి, యంత్రాన్ని వ్యానెక్కించుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మంచి వాన పడింది. నాలుగు రోజుల్లో నాటిన కలుపంతా ఏపుగా లేచింది. నడుం ఎత్తలేని కాశమ్మ మంచంలోంచే మళ్లీ దరఖాస్తు పెట్టింది. ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

"మీ చేలో కలుపు నివారణ విజయవంతంగా పూర్తయింది. ప్రస్తుతం సాళ్లలో ఉన్నది పంట. దాని మధ్య చిక్కుడు మొలిచినట్టు గమనించాం. తీసేయడానికి రేపు యంత్రం వస్తుంది. దరఖాస్తు అవసరం లేదు."