శ్రీరమ్య వైద్యంపై పెద్దల తీర్మానం

మా ఊరి బాపయ్యగారి మనవరాలు శ్రీరమ్యకు వైద్యం ఎప్పుడు మొదలుపెట్టాలన్న విషయమై పెద్దలు ఆయన వరండాలో సమావేశమై, తొందరపడరాదని ఏకగ్రీవంగా తీర్మానించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. రెండువేల రెండో సంవత్సరం, మిరప నాట్లప్పటి మాట ఇది. పిల్ల తల్లి జ్యోతిర్మయి కూడా సమావేశానికి హాజరైంది, కాఫీలు ఇవ్వడానికి.

శ్రీరమ్యకు అప్పటికి మూడో ఏడు. పిలిస్తే చూడదు. మాట లేదు. దాహమేస్తే ఏడుస్తుంది. కడుపు నొప్పికీ అదే ఏడుపు. గుంటూరులో పిల్లల డాక్టరు చూసి ఆటిజం అన్నాడు. ప్రతి పనినీ చిన్న చిన్న ముక్కలు చేసి, ఆటల్లో పెట్టి నేర్పే వైద్యం ఉందన్నాడు. ఎప్పుడు తీసుకురమ్మంటారని తల్లి అడిగితే, "ఈరోజే మొదలుపెట్టమ్మా" అన్నాడు. ఆ డాక్టరుకు అనుభవం చాలదని అక్కడే తేలిపోయింది.

"మా పెదనాన్న ఐదో ఏట నోరు విప్పాడు. విప్పాక ఊరంతా చెవులు మూసుకుంది. ఆయన్నెవడు తీసుకెళ్లాడు గుంటూరు?" అని బాపయ్యగారు చర్చ ప్రారంభించారు. పురోహితులు శేషాచలంగారు జాతకం చూసి, శని దిగేదాకా ఆగమన్నారు. ఊళ్లో ఇంజక్షన్లు చేసే బుల్లయ్య ఒక టానిక్కు ఇచ్చాడు. సీసా మీద గుర్రం బొమ్మ ఉంది కాబట్టి దాని శక్తిని శంకించనక్కర్లేదు. పిల్ల తండ్రి కోటేష్ పంట చేతికొచ్చాక చూద్దామన్నాడు. ఏ పంటో చెప్పలేదు.

"ఎదిగే వయసు పోతుందన్నాడు అత్తయ్యా, డాక్టరు" అంది జ్యోతిర్మయి గ్లాసులు తీస్తూ.

"ఆడపిల్లకి నోరు లేకపోతే నష్టమేంటే? నోరున్న నిన్ను చూస్తున్నాంగా!" అన్నారు బాపయ్యగారి భార్య సుబ్బరావమ్మగారు. తీర్మానం నెగ్గింది.

బాపయ్యగారికి తొందర విలువ తెలియదని ఎవరూ అనుకోకూడదు. ఆ ఏడే సత్తెనపల్లి రైతు సదస్సులో ఆయన చేసిన ప్రసంగానికి చప్పట్లు ఆగలేదు. "సోదరులారా! మిరపలో మొదటి ఆకు ముడుచుకోగానే మందు కొట్టాలి. పక్కచేలో తగ్గిందనో, దానంతటదే పోతుందనో కూర్చుంటే తోట ఉండదు. లేత మొక్క ఆగదు సోదరులారా! మనం ఆగమన్నా ఆగదు!" ఆయనకు శాలువా కప్పారు. శాలువాతో ఇంటికొచ్చి, పిల్ల సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు.

ఆ తర్వాత పిల్లను బళ్లో వేశారు. అల్లరి లేదు, పక్కవాళ్లతో కబుర్లు లేవు, గోడకేసి చూస్తూ కూర్చునేది. ఆగస్టు పదిహేనున క్రమశిక్షణకు మొదటి బహుమతి ప్రకటించారు. పిలిస్తే పలకలేదు గనుక బహుమతే ఆమె దగ్గరకు నడిచి వెళ్లింది. ఆ సబ్బుపెట్టెను సుబ్బరావమ్మగారు వీధి వీధికీ చూపించారు. కల్లంలో కాయలు ఆరబోసినప్పుడు శ్రీరమ్య ఒక్కో మిరపకాయనూ తొడిమ ఒకే వైపుకు పెట్టి బారుగా పేర్చేది. ఇంత తెలివైన పిల్లకు వైద్యమేమిటని కూలికొచ్చిన ఆడవాళ్లు సైతం ముక్కున వేలేసుకున్నారు. తీర్మానం ఏటేటా పొడిగించబడింది.

జ్యోతిర్మయి మాత్రం క్రమశిక్షణ తప్పింది. డాక్టరు చెప్పిన పద్ధతి గుర్తుపెట్టుకుని, పెరట్లో నీళ్లగ్లాసు ఎత్తి పట్టుకునేది. పిల్ల వేలు పట్టి గ్లాసు వైపు చాపించి, వెంటనే నీళ్లిచ్చేది. మళ్లీ చాపించేది, మళ్లీ ఇచ్చేది. ఒకరోజు అత్తగారి కంటపడింది. "గుక్కెడు నీళ్లకి పిల్లనాడిస్తావా, రాక్షసీ!" అంటూ ఆవిడ చెంబెడు తాగించింది. అప్పటినుంచి పిల్లకు దాహం వేయకముందే ఎవరో ఒకరు నీళ్లు పట్టేవారు. అంత ప్రేమ మధ్య అడగాల్సిన అవసరం రాలేదు. పాఠాలు గడ్డివాము వెనక్కి మారాయి.

పిల్లకు ఆరో ఏడు నడుస్తుండగా, కల్లంలో కాయలు పేర్చిన చేత్తో కళ్లు నులుముకుంది. కేకలు పెట్టి తల నేలకేసి కొట్టుకుంది. పెద్దలు పరుగున వచ్చి దిష్టి అని తేల్చారు. సుబ్బరావమ్మగారు గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చి, కళ్లలో మిరపకారం పడిన పిల్ల చుట్టూ తిప్పి, పక్కనే నిప్పుల్లో వేశారు. ఘాటుకు అందరూ దగ్గారు. "చూశారా, ఎంత పాడుకళ్లో!" అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

జ్యోతిర్మయి జనాన్ని తోసుకుని వచ్చింది. పిల్ల కళ్లు మూసుకునే, తల్లి చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి చాపి, వేలితో నీళ్లకుండ ఉన్న మూలను చూపింది. తల్లి ఎత్తుకుపోయి కళ్లు కడిగింది, కడుగుతూనే ఉంది. ఏడుపు తగ్గింది.

బాపయ్యగారు మీసం సవరించుకున్నారు. "చూశావా అమ్మాయ్? దానంతటదే వచ్చింది! ఎందుకు తొందరన్నానో ఇప్పుడు తెలిసిందా?"

జ్యోతిర్మయి తెల్లారి, తీర్మానం లేకుండానే, పిల్లను తీసుకుని గుంటూరు బస్సెక్కింది. ఇప్పుడు వారం వారం వెళుతోంది. శ్రీరమ్య నీళ్లు కావాలంటే "నీ" అంటోంది. నొప్పి ఎక్కడో చెప్పడం ఇంకా రాలేదు. ఆ ఒక్క అక్షరం ఘనత టానిక్కుదని బుల్లయ్య, శని దిగడం వల్లనని శేషాచలంగారు, తమ వంశానిదని బాపయ్యగారు వాదించుకుంటున్నారు. ఆలస్యం మాత్రం తల్లిదేనని అందరూ ఒప్పుకున్నారు. "చదువుకున్నదానివి, ముందే చూపించుకోవద్దూ?" అని అత్తగారే అడిగారు.

తాజా కబురు. పడమటి వీధి అలేఖ్య కొడుక్కి రెండో ఏడు నిండింది, పిలిస్తే చూడటం లేదట. పెద్దలు అప్పుడే వెళ్లి ఆమెకు ధైర్యం చెప్పి వచ్చారు. వీలుంటే మీరూ వెళ్లి చెప్పి రండి. దారిలో ఎవరి తోటలోనైనా ఆకు ముడత కనిపిస్తే మాత్రం, దయచేసి ముందు ఆ రైతుకు చెప్పండి. అది ఆగే విషయం కాదు.