హువైమ బావి ఎవరిదంటే

సరిహద్దు గీతను తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలి.

ఇసుక మీద గీత గీయడం మానవజాతికి జరిగిన మహోపకారమని నా దృఢాభిప్రాయం. ఈ సంగతి నిరూపించడానికి నాకంటే అర్హుడు ఈ ఎడారి తీరం మొత్తంలో దొరకడు. ఎందుకంటే ఆ గీతలో ఒక మూరెడు నేనే గీశాను. పెన్సిల్ దొరగారిది, నోరు నాది!

ముందుగా నా అర్హతలు మనవి చేస్తాను. బొంబాయిలో రెండేళ్లు కాలేజీలో చదివాను. అక్కడ ఇంగ్లీషు, తర్కశాస్త్రం, ఫోర్కుతో అన్నం తినడం నేర్చుకున్నాను. మూడోది పూర్తిగా పట్టుబడలేదు. తిరిగొచ్చాక రాస్ గాఫా షేక్‌గారి దగ్గర దుబాసీగా కుదిరాను. దొరలు వచ్చినప్పుడు వాళ్ల మాట ఈయనకూ, ఈయన మాట వాళ్లకూ చేరవేయడం నా ఉద్యోగం. నా భార్య గాయా నన్ను "రెండు గిన్నెల మధ్య గరిటె" అనేది. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడా మాట అనేవాళ్లు లేక అప్పుడప్పుడు నేనే అనుకుంటూ ఉంటాను.

గీత లేని రోజుల్లో మన బతుకు ఎంత అధ్వానంగా ఉండేదో మరిచిపోయారా?

ఒక మనిషిని ఆపి "నువ్వెవరి మనిషివి?" అని అడిగితే ఒక్కడంటే ఒక్కడు తిన్నగా జవాబు చెప్పేవాడు కాదు. చలికాలంలో ఒంటెలు మేపుకునేటప్పుడు రాస్ గాఫా షేక్ మనిషి. వేసవిలో ఖర్జూరాలు కోసేటప్పుడు పొరుగు ఖోర్ మాలిహ్ షేక్ మనిషి. ముత్యాల పడవ ఎక్కితే పడవ నాయకుడి మనిషి. పెళ్లాంతో పోట్లాడిన రోజున ఎవరి మనిషీ కాడు. ఇలాంటివాణ్ణి ఏ ఫైల్లో పెట్టమంటారు?

వానకైనా క్రమశిక్షణ ఉండేదా? ఏ షేక్‌గారి ఇలాకాలో పడుతున్నదో చూసుకోకుండా పడేది. మేకలు అంతకంటే సిగ్గులేనివి. పచ్చగా కనబడ్డ చోటికల్లా పోయేవి.

పోట్లాటలు కూడా ఒక కొలిక్కి వచ్చేవి కావు. వీరు వారి ఒంటెలు తోలుకొచ్చేవారు. వారు వీరివి తోలుకుపోయేవారు. రెండేళ్లు గడిచేసరికి ఏ ఒంటె ఎవరిదో ఎవరికీ తెలియక, చివరికి పిల్లనిచ్చి పుచ్చుకుని విందు చేసేవారు. ఇదా రాజకీయం?

ఇలా మనం అజ్ఞానంలో హాయిగా ఉండగా, నేల కింద ఏదో ఉందని చమురు కంపెనీవాళ్లకు అనుమానం వచ్చింది. కింద ఉన్నది తవ్వాలంటే పైన ఉన్నది ఎవరిదో తేలాలి కదా! అందుకే గీత వచ్చింది.

వచ్చాక ఎంత వెసులుబాటు! మా వాగు గట్టున ఒక ఖర్జూరపు చెట్టుంది. మొదలు రాస్ గాఫాది, వంగిన తల ఖోర్ మాలిహ్‌ది. ఇదివరకు రాలిన పండు ఏరుకుంటే నడుం నొప్పి మాత్రమే వచ్చేది, ఇప్పుడు విదేశీ సరుకు తిన్న గౌరవం కూడా దక్కుతోంది. దక్షిణపు మసీదులో ఇమాం ఒక ఇలాకాలో, చివరి వరస ఇంకో ఇలాకాలో. ఆలస్యంగా వచ్చినవాళ్లందరూ పరదేశంలో నమాజు చేసి ఇంటికి పోతున్నారు. మా పొరుగాయన గుడారంలో ఆయన తల ఇక్కడ, కాళ్లు అక్కడ. ఆయన గురక మీద ఏ షేక్‌గారికి అర్జీ పెట్టాలో తేలక ఆయన భార్య ఇంతవరకూ ఓర్చుకుంటోంది. కాపురం నిలబెట్టిన గీతను తిట్టడానికి మీకు నోరెలా వస్తుంది?

ఇక నా మూరెడు గీత సంగతి.

గీత ఎక్కడ పడాలో తేల్చడానికి వచ్చిన విల్మట్ దొర మంచివాడు. ఎండకు ముక్కు మీద తోలు ఊడిపోతున్నా జీపులో బావి బావికీ తిరిగాడు. ఆయన పద్ధతి న్యాయమైనది. ప్రతి బావి దగ్గరా ఇరుపక్షాల నుంచీ ఒక్కో మనిషి ఉండాలి. ఈ బావి ఎవరిదని బావి పెద్దనే అడగాలి. అతను చెప్పింది చెప్పినట్టు నోట్‌బుక్‌లో రాయాలి. ఖోర్ మాలిహ్ తరఫున ఖల్ఫాన్ వచ్చాడు, నెమ్మదస్తుడు, భోజనప్రియుడు. మా తరఫున ఇంకెవరూ ఖాళీగా లేరని షేక్‌గారు నన్నే పొమ్మన్నారు. దుబాసీనీ నేనే, ప్రతినిధినీ నేనే.

బయలుదేరిన రెండో రోజున దొర నాతో అన్నాడు: "మిస్టర్ ఉబైద్, మీరు ఒక మాట కలపరు, ఒక మాట తీసెయ్యరు. ఇంత నమ్మకమైన దుబాసీ నాకెక్కడా దొరకలేదు."

ఆ పొగడ్తను తలపాగాలో చుట్టుకుని తిరిగాను. మర్నాడు హువైమ బావికి చేరేటప్పటికి అది నా తలకంటే పెద్దదైంది.

హువైమ మా అత్తవారి ఊరు. ఊరంటే నాలుగు ఖర్జూరపు మట్టల ఇళ్లు, ఒక తోట, ఒక బావి. ఆ బావిని మా బావమరిది ముసబ్బహ్ తాత తవ్వించాడు. ముసబ్బహ్ ఇప్పుడు బావి పెద్ద. అతిథులొచ్చారని మేకను కోశాడు. మా అత్తగారు హమ్దా తెర వెనకాల కూర్చుని ఎవరికి ఏం వడ్డించాలో ఆజ్ఞలు జారీ చేస్తోంది.

ఖల్ఫాన్ నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు.

"అబ్బ! ఏం నీళ్లయ్యా ముసబ్బహ్! తేనె గానీ కలిపావా?"

"ఈ బావి నీదే అన్నా. ఇల్లూ నీదే. మేం నీ మేకలు కాసేవాళ్లం, అంతే."

ఇందులో మనకేం వింత లేదు. అతిథి దేన్ని మెచ్చుకుంటే దాన్ని "నీదే" అనాలి. అతిథి ఆ వెంటనే "సొంతదారుకే శుభంగా ఉండాలి" అనాలి. రెండో మాటతో మొదటి మాట చెల్లు. బొడ్డూడక ముందునుంచీ వింటున్న మాటలే కదా!

కానీ రెండో మాట అనాల్సిన క్షణాన ఖల్ఫాన్ నోట్లో మేక కాలేయం ఉంది. మా అత్తగారి ఆజ్ఞ మేరకు ముసబ్బహ్ అప్పుడే దాన్ని అతని చేతికందించాడు. పెద్ద ముక్క.

"ఏమన్నాడు?" అని అడిగాడు దొర.

నేను కలపను, తీసెయ్యను. "ఈ బావి ఖల్ఫాన్‌వాళ్లదే అంటున్నాడు" అని చెప్పాను.

"రూఢి చేసుకోండి. ఇంకోసారి అడగండి."

అడిగాను. ముసబ్బహ్ నావైపు తెల్లబోయి చూశాడు.

"ఏంటి బావా ఇది? అతిథి తింటూంటే నన్నిలా నిలదీస్తావా? అన్న మాట మింగమంటావా?"

"దొరగారు అడుగుతున్నారు."

"అయితే అవుననే చెప్పు. బావి ఒక్కటే ఏంటి, ఒంటెలు కూడా ఆయనవే!"

ఒంటెల గురించి దొర అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. ఆ రకంగా నావల్ల మా బావమరిదికి ఒంటెలు మిగిలాయి. నేను చేసిన మేలు కూడా ఎవరో ఒకరు రాయాలి కదా!

ఇంతలో ఖల్ఫాన్ గుటక వేసి, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా అరిచాడు: "సొంతదారుకే శుభంగా ఉండాలి! ఉండాలి!"

దొర అప్పటికే పేజీ తిప్పేశాడు. నేను ఆ మాట కూడా చెప్పాను. ఆయన మర్యాదగా నవ్వి, "ఆశీర్వాదాలకు ఇందులో గడి లేదు మిస్టర్ ఉబైద్" అన్నాడు.

తెర వెనక నుంచి అత్తగారు పిలిచింది. "అల్లుడూ, ఆ ఎర్రముక్కాయన ఏం రాసుకుంటున్నాడు?"

"మీ మర్యాద గురించి అత్తయ్యా."

"మంచిదే. మా నీళ్ల గురించి కూడా రాయమను."

"రాశాడత్తయ్యా."

గాయా గనక అక్కడ ఉండి ఉంటే, ఏమీ ఎరగనట్టు వచ్చి ఆ నోట్‌బుక్ మీద కాఫీ కూజా బోర్లించేసేది. అంతకంటే ఏం అక్కర్లేకపోయింది. కాలేజీ చదువు లేని మనిషికి అది తట్టేది.

రెండు నెలలకు మ్యాపు వచ్చింది. గీత హువైమ దగ్గర చక్కగా వంపు తిరిగింది. ఇళ్లూ తోటా రాస్ గాఫావి, బావి ఖోర్ మాలిహ్‌ది. ఇళ్లనుంచి బావికి నలభై అడుగులు. ఆ నీళ్లు తోడుకోవాలంటే ఖోర్ మాలిహ్ షేక్ ప్రజలమని వేలిముద్ర వెయ్యాలి, లేదా బావి వదిలి పోవాలి. అభ్యంతరాలుంటే తొంభై రోజుల్లోగా తెలుపుకోవచ్చు. ఎంత ఉదారత!

మొదట మా షేక్‌గారు భగ్గుమన్నారు. కత్తి తెమ్మన్నారు, తర్వాత కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం దొరలకు చేరిన వారానికి ఒక శుభవార్త వచ్చింది. ఇకపై దొరల యుద్ధనౌక వచ్చినప్పుడు మా షేక్‌గారికి గౌరవ వందనంగా మూడు కాదు, ఐదు ఫిరంగులు పేలుస్తారట. నేను బావి మాట ఎత్తబోయాను.

"ఐదయ్యా ఉబైద్! ఖోర్ మాలిహ్ వాడికి ఎన్నో తెలుసా? మూడే!" అన్నారాయన.

నౌక వచ్చింది. ఐదు మోతలూ మోగాయి. వాటిలో రెండు బావివి. హువైమ దాకా వినబడ్డాయట.

ముసబ్బహ్ అభ్యంతరం చెప్పనన్నాడు. "పదిమందిలో నోటితో ఇచ్చాను. ఇప్పుడు కాగితం మీద వెనక్కి లాక్కోమంటావా? గడ్డం గీయించుకుని ఊళ్లు తిరగనా?"

"పోనీ, వేలిముద్ర వేసెయ్."

"మా తాత తవ్విన బావిలో నీళ్లకు నేను వేలిముద్ర వెయ్యాలా? నీకు బొంబాయిలో బుద్ధి కూడా కొంచెం నేర్పాల్సింది బావా!"

ఇక మిగిలింది నేనే. మాట అన్నవాడు వెనక్కి తీసుకోడు. రాసినవాడు కొట్టెయ్యడు. మధ్యనున్న గరిటె తనది తప్పని ఒప్పుకుంటే చాలు. దొర దగ్గరకు వెళ్లాను.

"అయ్యా, నాకు ఇంగ్లీషు రాదు. ఆ రోజు తప్పుగా అనువదించాను. అది మాలో మర్యాద మాట. ఇచ్చినట్టు కనబడుతుంది గానీ, ఎవరూ ఇవ్వరు, ఎవరూ పుచ్చుకోరు" అని అరగంట సేపు వివరించాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఇంగ్లీషు రాదన్న సంగతిని ఇంత చక్కటి ఇంగ్లీషులో చెప్పినవాణ్ణి నేను చూడలేదు" అన్నాడు. టీ ఇప్పించాడు. "ఏదైనా ఉంటే రాసి ఇవ్వండి."

ఇంటికొచ్చి కూర్చుని, నా విద్యనంతా వెచ్చించి తప్పులతడక ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాను. బతుకంతా దేన్ని చూసుకుని మురిశానో దాన్ని నా చేత్తోనే పాడుచేశాను. వారానికి ఆ ఉత్తరం తిరిగొచ్చింది. ఎవరో పరోపకారి నా తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది, చివర "తొందరలో రాసినట్టున్నారు" అని సానుభూతి తెలిపాడు.

ఈలోగా ఖోర్ మాలిహ్ షేక్ బావికి కాపలాగా ఖల్ఫాన్‌నే పెట్టాడు. పాపం, ఆ కాలేయం అతనికి ఇంకా అరగలేదు. ముసబ్బహ్ తోలు బొక్కెన పట్టుకుని వెళ్తే, కాగితం అడగాల్సినవాడు లేచి నిలబడి, "అతిథివి, రా కూర్చో" అన్నాడు. మనలో అతిథికి మూడు రోజుల హక్కుంది కదా! నాలుగో రోజు పొద్దున ముసబ్బహ్ అటు ఇసుక దిబ్బ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ఇటునుంచి వస్తాడు.

"ఎన్నాళ్లకెన్నాళ్లకు ముసబ్బహ్! ఇంట్లో అంతా కులాసానా?"

"కులాసానే అన్నా. దారే కొంచెం దూరం."

మళ్లీ మూడు రోజులు నీళ్లు. లోకంలో ఇంకా దయ ఉందనడానికి ఆ దిబ్బ చుట్టూ పడ్డ కాలిబాటే సాక్ష్యం. చూశారా, గీత ఎంత గొప్పదో? సొంత తాత బావి దగ్గర మనవడికి అతిథి మర్యాద జరిపించింది!

కానీ తొంభై రోజులు నిండాక ఖల్ఫాన్‌ను తీసేసి జీతానికి వేరే కాపలా వాణ్ణి పెడుతున్నారు. అతను ఈ తీరం మనిషి కాడట. దిబ్బ చుట్టూ తిరిగొస్తే అతనికి అర్థమవుతుందని నేననుకోను.

మా అత్తగారు మాత్రం ఒక్కరోజు కూడా అతిథిగా వెళ్లలేదు. "యాభై ఏళ్లు నీళ్లు పోసిన చోట చెయ్యి చాపనా?" అంది. కొడుకు తెచ్చింది కూడా ముట్టలేదు. పట్నం నుంచి నేను డబ్బాల్లో నీళ్లు మోసుకెళ్తున్నాను. అవి కిరోసిన్ డబ్బాలు.

ఎనభై ఆరో రోజున వెళ్లాను. ఆవిడ ఒక గుక్క తాగి, "అల్లుడూ, ఇంకో రెండు గుక్కలు తాగితే కడుపులో దీపం పెట్టుకోవచ్చు" అంది.

నేను నవ్వలేకపోయాను. "అత్తయ్యా, ఆ రోజు ఆ మాట దొరకు చెప్పింది నేనే. ఆయన రాసుకున్నది అదే. మీకు చెప్పకుండా దాచాను" అన్నాను.

"తెలుసు. తెర చాటునున్నానే గానీ చెవిటిదాన్ని కాదుగా! నీ మొహమూ, నా కొడుకు మొహమూ ఆ రోజునుంచీ చూస్తూనే ఉన్నాను."

"మరి నన్ను తిట్టలేదేం?"

ఆవిడ బావివైపు చూసింది. నలభై అడుగులు.

"నిన్ను తిట్టేందుకేముంది నాయనా. నేనీ ఇంటికి కోడలుగా వచ్చినప్పటినుంచీ వచ్చినవాడికల్లా ఈ బావిని ఇచ్చేస్తూనే ఉన్నాం. తీసుకున్నది ఆ ఎర్రముక్కాయనొక్కడే."

పాఠకులారా, ఈసారి ఒక మాట కలపలేదు, ఒక మాట తీసెయ్యలేదు. ఆవిడ అన్నది అన్నట్టు నాకొచ్చిన అత్యుత్తమమైన ఇంగ్లీషులో రాసి, ఎనభై తొమ్మిదో రోజున దొరల ఆఫీసులో స్వయంగా ఇచ్చొచ్చాను.

నిన్న జవాబు వచ్చింది. ఉత్తరంలో భాష నిర్దుష్టంగా ఉందట. అభ్యంతరం ఏమిటో మాత్రం తెలియడం లేదట. ఫైలు మూసేశారు.