బీరువాలో పుట్టిన ఆల్బం

శాంబొర్‌కి ఏ జబ్బైనా ఆదివారాలే వస్తుంది. ఈ ఆదివారం జ్వరానికి మాత్రం పెద్ద కారణమే ఉంది. రెండో ఆల్బం!

శాంబొర్ పాటలు పాడే "టిన్ రూఫ్స్" బ్యాండు మొదటి ఆల్బంకి బ్యాండు పేరే పెట్టుకున్నారు. రెండోదానికి డ్రమ్ములు వాయించే రెమెడీ ఒక షరతు పెట్టాడు. టైటిల్ పాట ఎవరు పాడితే వాళ్ళ ఇంటిపేరే ఆల్బం పేరు.

శాంబొర్ ఎగిరి గంతేశాడు. షిల్లాంగ్‌లో వాళ్ళ తెగ ఆచారం ప్రకారం అల్లుడు ఇల్లరికం, పిల్లలకి తల్లి ఇంటిపేరే. అతని ఇద్దరు పిల్లలూ ఖార్‌కొంగోర్‌లే. ఆ ఇంట్లో మార్బనియాంగ్ అన్న పేరు మోస్తున్నది అతను కాక ఇంకొక్కటే. పిడి మీద పేరు చెక్కించుకున్న అతని గొడుగు.

"ఈ ఆల్బం నా బిడ్డ. దీనికైనా నా పేరుంటుంది," అని ఊరంతా చెప్పుకున్నాడు.

చిక్కల్లా జూలై వానతోనే వచ్చింది. స్టూడియోది రేకుల కప్పు. అతను నోరు తెరిస్తే చాలు, పైన వెయ్యిమంది శనగలు వేయిస్తున్నట్టు హోరు.

"శాంబొర్ అన్నా, నీకన్నా వానే శ్రుతిలో ఉంది," అన్నాడు సౌండ్ ఇంజనీరు ఎలక్ట్రిక్‌సన్. "సోమవారం పొద్దున్నకి పాట తెస్తే సరే. లేదా రెమెడీ చేత పాడించేస్తా."

వాన వినబడని చోటు ఒక్కటే ఉంది. ఊరంతా 'కాంగ్', అంటే అక్కా, అని పిలిచే అత్తగారు ట్రిలియన్ గదిలో, ముప్ఫై ఏళ్ళ ఉన్ని శాలువలతో కిక్కిరిసిన టేకు బీరువా. దాని మీద ఈగ వాలినా ఆవిడ ఊరుకోదు. ఆవిడ కదిలేది ఆదివారం చర్చికే.

"చర్చికి రావా?" అంది భార్య దాఫిషా.

"ఒళ్ళు కాలిపోతోంది."

ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. "చల్లగా ఉందిగా!"

"లోపల కాలుతోంది. పైకి తెలీదు."

"అయ్యో! లోపలి జ్వరానికి పంది మాంసం అసలు పడదట. నీకు జాదో వండను. గంజి తాగి పడుకో."

ఆల్బం కోసం జాదో అన్నాన్ని కూడా త్యాగం చేశాడు శాంబొర్. చరిత్రలో ఏ కళాకారుడు చేసి ఉంటాడు?

వాళ్ళు గేటు దాటగానే మైకుతో, రికార్డర్‌తో బీరువాలోకి దూరి తలుపు దగ్గరగా లాక్కున్నాడు. ఎర్ర దీపం వెలిగింది. ఊపిరి పీల్చి "ఆ..." అన్నాడు.

వీధి తలుపు ధడాలున తెరుచుకుంది.

"చర్చి కప్పు కారుతోందని ప్రార్థన ఆపేశారు కానీ, సాధన ఆపుతామా? రండమ్మా, వాన వినబడని గది ఇదొక్కటే!" అత్తగారి గొంతు. వెనకే చర్చిలో పాడే ఆడవాళ్ళు పద్నాలుగు మంది.

శాంబొర్ శాలువల వెనక్కి ముడుచుకున్నాడు.

"మెయ్, నీ బీరువా తలుపు తెరిచి ఉందే!" అంది దాఫిషా తల్లితో.

టక్. తాళం పడింది. రికార్డర్ ఎర్ర దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

బయట తమలపాకులు, వక్కలు చేతులు మారుతున్నాయి.

"మీ అల్లుడేడీ, కాంగ్?"

"జ్వరమట."

"పోయిన ఆదివారం నడుంనొప్పి కదూ?"

"పంటినొప్పి వచ్చే ఆదివారానికి దాచుకున్నాడు."

నవ్వులు. బీరువాలో చెమటలు.

"మా ఆయన పాటొకటి వింటారా?" అంది దాఫిషా. "మూడు నెలలుగా స్నానాల గదిలో తప్పు పాడుతున్నాడు."

పాడింది. శాంబొర్ నిర్ఘాంతపోయాడు. అతని పాటే! అతనికి ఎన్నడూ అందని పైస్థాయి ఆమె గొంతులో పిల్లిపిల్లలా వచ్చి కూర్చుంది. రెండో చరణానికి పద్నాలుగు గొంతులు నాలుగు స్థాయిల్లో కలిశాయి. చీకట్లో అతని రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పాట చివరి స్వరం తేలిపోతుండగా, కలరా ఉండల వాసన ముక్కుకెక్కింది.

"హాచ్ఛ్!"

"దొంగ!" అత్తగారు కేక పెట్టి తాళం తీసింది. చేతికందిన గొడుగుతో ఎడాపెడా వాయించింది. నెత్తిన ఆవిడ శాలువతో బోర్లాపడిన ఆ దొంగ తన అల్లుడేనని తెలిసేసరికి గొడుగు ఊచలన్నీ విరిగిపోయాయి. అది మార్బనియాంగ్ గొడుగే.

సోమవారం రికార్డర్ పట్టుకుని కుంటుకుంటూ స్టూడియోకి వెళ్ళాడు. "మొదట్లో ఒక 'ఆ' ఉంది, అది నాదే," అన్నాడు.

ఎలక్ట్రిక్‌సన్ ఆ 'ఆ' తుడిచేసి, మిగతాది విని కొయ్యబారిపోయాడు. రెమెడీ కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. "టైటిల్ పాట అయిపోయింది. ఇంతకీ ఎవరీవిడ?"

శాంబొర్ ఇంటికొచ్చి భార్య మీద విరుచుకుపడ్డాడు. "నేను లోపలున్నానని నీకు తెలుసు!"

"బీరువాకి ప్లగ్గు ఎక్కడైనా ఉంటుందా? తలుపు కింద నుంచి తోకలాగా వైరు!"

"మరి మీ అమ్మకి తాళం ఎందుకు గుర్తుచేశావ్?"

"తలుపు సరిగ్గా మూయకపోతే వాన హోరు దూరదూ?"

 శాంబొర్ నీరసంగా అన్నాడు. "అది నా బిడ్డే, దాఫీ!"

"కాదన్నానా? బిడ్డ నీదే. పుట్టింది మా అమ్మ బీరువాలో. మనవాళ్ళు బిడ్డకి ఎవరి ఇంటిపేరు పెడతారో నువ్వే చెప్పు."

నవంబరులో ఆల్బం వచ్చింది. అట్ట మీద పెద్ద అక్షరాలతో "ఖార్‌కొంగోర్". శాంబొర్ అట్ట తిప్పి వెతికాడు. అట్టడుగున, చీమ తలంత అక్షరాల్లో ఉంది అతని ఇంటిపేరు.

"పాట చివర తుమ్ము: శాంబొర్ మార్బనియాంగ్."