ఎర్ర కారుకు అంగీకార పత్రం

మానవజాతి శతాబ్దాలుగా మోస్తున్న ఒక పెనుభారం, అనగా రంగు ఎంచుకోవడం, ఈ ఏడాదితో తొలగిపోయిందని వాహన వర్ణ ధోరణుల మండలి ప్రకటించింది. కొత్త కార్లకు పద్నాలుగు రంగులు ఖరారయ్యాయి. పద్నాలుగూ బూడిద రంగే. (ప్రజాభిప్రాయం తీసుకున్నాకే ఖరారు చేశారట. ఆ ప్రజల్లో ఒక్కరైనా నాకింతవరకు తారసపడలేదు.)

ఈ శుభవార్త మా అక్కకు అందలేదు. ఆవిడ బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. ముప్పై ఏళ్లుగా బూడిద రంగు లాగులు, బూడిద రంగు గౌన్లు. యాభై రెండో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, పరీక్షలో మూడోసారికి గట్టెక్కి, కొంటే ఎర్ర కారే కొంటానని భీష్మించింది. ఆవిడది ఉడుంపట్టు. తోడుగా నన్ను లాక్కెళ్లింది.

షోరూంలో రంగుల సలహాదారు అనే కుర్ర ఉద్యోగి నమూనా రేకులు వరసగా పేర్చాడు. ‘తడి సిమెంటు’, ‘మేఘమౌనం’, ‘నిన్నటి వాన’, ‘ఉక్కు నిట్టూర్పు’. కాస్త తెల్లగా ఉన్నదాని పేరు ‘బూడిదకు ముందు’. అక్క కళ్లద్దాలు సవరించుకుని ఒక్కొక్కటే వేలితో తడిమింది.

“అన్నీ ఒకే తానులో ముక్కలు కదయ్యా! ఎరుపేదీ?”

“ఎరుపు కూడా చేయిస్తామండీ. కానీ కారు కొనేది మీకోసం కాదు కదా. ఏడేళ్ల తర్వాత మీ దగ్గర సెకండ్ హ్యాండులో కొనే ఆయన కోసం. ఆయనకు నచ్చకపోతే?”

“ఎవరాయన?”

“ఇంకా తెలీదండీ. అందుకే జాగ్రత్తగా ఉండాలి.”

నిబంధన పన్నెండు ప్రకారం, బూడిదేతర రంగు కోరువారు సదరు భావి కొనుగోలుదారు సంతకంతో అంగీకార పత్రం దాఖలు చేయవలెను. ఆయన అందుబాటులో లేనిచో ఆయన భార్య సంతకం చెల్లును. (ఆయనకింకా పెళ్లి కాని పక్షంలో కాబోయే మామగారి సంతకం.)

“నా కారు నేనే కొనుక్కుంటానని రాసిస్తాను,” అంది అక్క.

“బంధువుల సంతకాలు చెల్లవండీ. మీకు మీరు మరీ దగ్గరి బంధువు.”

“పోనీలే అక్కా, ఆ తడి సిమెంటు బాగానే ఉంది,” అన్నాను నేను.

“ముప్పై ఏళ్లు ఆ రంగు దారమే సూదికి ఎక్కించానురా. ఇంక నావల్ల కాదు.” ఆవిడ ఆ రేకును పక్కకు నెట్టేసింది. నోరు జారినందుకు నాకు సిగ్గేసింది.

అక్క సలహాదారు వైపు తిరిగింది. “అబ్బాయ్, నీకు కారుందా?”

“లేదండీ. బస్సులో వస్తాను.”

“ఏడేళ్లకైనా కొనవూ?”

అతను మేనేజరు గది వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. “ఎరుపైతే కొంటానండీ.” ఆ వెంటనే పత్రం మీద సంతకం పెట్టి, రిమార్కుల గడిలో ‘చాలా బాగుంది’ అని కూడా రాశాడు.

మూడు నెలలకు కారు వచ్చింది. పండు మిరపకాయలా ఉంది. అక్క మొదటి గేరులోనే వీధి చివరిదాకా రెండుసార్లు పోయి వచ్చింది, హారను మీంచి చెయ్యి తియ్యకుండా. నేనే కొన్నంత సంబరపడ్డాను. ఎండకు ఎరుపు తొందరగా వెలిసిపోతుందని ఎవరో చెవిన వేయడంతో ఆ సాయంత్రమే చక్రాల దాకా దిగే కవరొకటి కొని తొడిగింది. ఆదివారాలు మాత్రం తీస్తుంది. (కవర్లు ఒక్క రంగులోనే దొరుకుతాయి.)

మొన్న బుధవారం మండలి తరఫున ఒక గణకుడు పుస్తకం పట్టుకుని మా వీధిలో కార్లు లెక్కపెట్టుకుపోయాడు. నివేదిక నిన్ననే వెలువడింది. మా వీధిలో కార్లు పదకొండు, పదకొండూ బూడిదే. ఎరుపుకు గిరాకీ సున్నా. ఒక యజమాని అభిరుచి మాత్రం ఎంత ఆదర్శప్రాయమంటే, అద్దాలకు సైతం బూడిద రంగే వేయించుకున్నారట.

వచ్చే ఏడాది నుంచి అన్ని కార్ల అద్దాలూ అలాగే వస్తాయి.