అడుగు నుంచి ముప్పైసార్లు

మ్యాన్‌హోల్ మూతల విభాగం వారి మధ్యాహ్న భోజనం గురించి నగర ప్రజల్లో కొన్ని అపోహలు వ్యాపించినట్టు తెలియవచ్చింది. ఆ విభాగం వారికి నూడుల్స్ తినడం రాదని కొందరు, వారిని ఎవరో బెదిరించారని మరికొందరు అనుకుంటున్నారు. రెండూ అబద్ధాలే. వారందరికీ తినడం వచ్చు. వారిని ఎవరూ బెదిరించలేదు. జరిగినదంతా నిబంధనల మేరకు, మర్యాదకు లోబడి, పదమూడుగురి ఏకగ్రీవ అంగీకారంతోనే జరిగింది.

టోక్యో పడమటి శివారులోని ఆ పురపాలక కార్యాలయం నుంచి మూడు నిమిషాలు నడిస్తే తొకిఎ పిన్ని అబురా సోబా కొట్టు వస్తుంది. పేరుకి అదీ రామెన్ అనే నూడుల్స్ సూప్ రకమే గాని, అందులో సూప్ ఉండదు. గిన్నె అడుగున సోయా, పందికొవ్వు కలిసిన చిక్కటి పులుసు కాస్త. దాని మీద అప్పుడే ఉడికిన లావుపాటి నూడుల్స్. ఆ పైన మాంసం ముక్కలు, వెదురు చిగుళ్ళు, ఉల్లికాడలు. తినేవాళ్ళు కాస్త వెనిగర్, కాస్త మిరపనూనె చుట్టూ పోసుకుని, వేడి తగ్గకముందే మొత్తం తిరగేసి కలపాలి. కలిపితే అమృతం. కలపకపోతే పైన చప్పిడి, కింద ఉప్పు. తెలియనివాళ్ళు ఎవరైనా వస్తారేమోనని పిన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు కూడా పెట్టింది: ‘వేడి మీదే, అడుగు నుంచి, ముప్పైసార్లు కలపండి.’

ఉపాధికారి నిషిగాకి పద్నాలుగేళ్ళుగా అక్కడ తింటున్నాడు. ఆయనకు తాగుడు లేదు, చేపలు పట్టే సరదా లేదు, ఇంట్లో ఆయన మాట వినేది అన్నం ఉడికించే యంత్రం ఒక్కటే. పొద్దున్నుంచి పగిలిన మూతల ఫిర్యాదులు చదివి చదివి, మధ్యాహ్నం ఆ గిన్నె ముందు కూర్చుని, చాప్‌స్టిక్స్ అడుగుదాకా దించి మొదటి తిప్పు తిప్పినప్పుడు, కొవ్వు వాసనతో ఆవిరి గుప్పున ముఖానికి కొట్టేది. అప్పుడు మాత్రం తన బతుకు కూడా ఒక బతుకేనని ఆయనకు అనిపించేది. ముప్పై తిప్పులు ఏనాడూ ఎగ్గొట్టలేదు. ఆయన సుఖం మొత్తం అంతే, అంతకు మించి ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు.

ఏప్రిల్ బదిలీల్లో పన్నుల విభాగం నుంచి ఒగురుసు గారు కొత్త అధికారిగా వచ్చారు. ముప్పై ఒక్క ఏళ్ళపాటు భార్య కట్టిచ్చిన డబ్బా తప్ప మరొకటి ఎరగని మనిషి. ఆవిడ ఈ మధ్యే హవాయి వాళ్ళ హులా నాట్యం నేర్చుకోవడం మొదలుపెట్టడంతో డబ్బా ఆగిపోయింది.

“ఏమోయ్ నిషిగాకీ, ఇక్కడ తిండి ఎక్కడ బాగుంటుంది?” అని ఆయన అడిగారు.

నిషిగాకి ముఖం వెలిగిపోయింది. “మీరు నాతో రండి సార్!” అన్నాడు. అధికారి లేచారు కాబట్టి విభాగమంతా లేచింది. కొట్టు గుమ్మం దగ్గరున్న టికెట్ల యంత్రంలో ఒగురుసు గారు మొదటి మీట నొక్కారు. తరువాత పన్నెండు మందీ అదే మీట నొక్కారు. అందులో ఒకరికి మాంసం పడదు.

పెద్దవారిని గుమ్మానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టడం పద్ధతి. అలాగే కూర్చోబెట్టారు. గోడ మీది బోర్డు సరిగ్గా ఆయన తల వెనక్కి వచ్చింది. మిగిలిన పన్నెండు మందికీ అది స్పష్టంగా కనబడుతోంది. కనబడనిది ఆయన ఒక్కరికే.

గిన్నెలు వచ్చాయి. నిషిగాకి చాప్‌స్టిక్స్ అడుగుదాకా దించాడు గాని, అధికారి మొదలుపెట్టకముందు మొదలుపెట్టడం బాగుండదని ఆగాడు. ఒగురుసు గారు ముందు మాంసం ముక్కలు తిన్నారు. తరువాత వెదురు చిగుళ్ళు తిన్నారు. తరువాత పాలిపోయిన నూడుల్స్‌ను అలాగే, పై నుంచి, ఒక్కొక్క పోగూ తీసుకుని నమలడం మొదలుపెట్టారు.

“మ్... చాలా సాత్వికంగా ఉంది,” అన్నారు.

నిషిగాకి నోరు తెరిచాడు. బల్ల కింద నుంచి సీనియర్ గుమాస్తా సకుమా బూటు వచ్చి ఆయన కాలిపిక్క మీద తగిలింది. పైఅధికారిని మొదటిరోజే, నలుగురి ముందు, నూడుల్స్ విషయంలో సరిదిద్దడమంటే ఏమిటో సకుమాకు తెలుసు. పదమూడు గిన్నెల్లో నూడుల్స్ కలపకుండానే చల్లారిపోయాయి. చివర్లో ఒగురుసు గారికి అడుగున ఉన్న పులుసు కనిపించింది. “ఓహో, సూప్ చివర్లోనన్నమాట,” అంటూ గిన్నె ఎత్తి గడగడా తాగేశారు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి.

“తక్కువే పోశారు గాని, ఘాటుగా ఉందోయ్!”

మిగిలిన పన్నెండు మందీ గిన్నెలెత్తి తాగారు. మాంసం పడని ఆయన అందరికన్నా ముందు ఖాళీ గిన్నె దించారు.

వెళ్ళేటప్పుడు తొకిఎ పిన్ని నిషిగాకి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. “ఏరా, నీకేమొచ్చింది? ఆయనకంటే తెలీదు. నీకేం రోగం?”

“నెమ్మదిగా పిన్నీ, ఆయన వింటారు.”

“విననీ! నలభై ఏళ్ళుగా కాస్తున్నాన్రా ఆ పులుసు. కాఫీ తాగినట్టు తాగేసి పోతారా? కలపండి సార్ అని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదూ?”

“రేపు చెప్తాను.”

మర్నాడు చెప్పలేదు. మొదటిరోజు చెప్పనిది రెండోరోజు చెబితే, నిన్నంతా చూస్తూ ఊరుకున్నారా అని అడుగుతారు. మూడోరోజు చెబితే రెండు రోజులకూ జవాబు చెప్పుకోవాలి. ఇలా వారం గడిచేసరికి ఇక ఎప్పటికీ చెప్పకూడదన్నది లెక్క ప్రకారమే తేలిపోయింది. నిషిగాకి రోజూ ఆ గిన్నె ముందు కూర్చుని, చేతులు తహతహలాడుతుంటే చప్పిడి పోగులు నమిలేవాడు. ఆయనకు నిజంగానే ఏడుపు వచ్చేది. పులుసు తాగే సమయం వచ్చేదాకా దాన్ని ఆపుకునేవాడు, అప్పుడైతే అందరి కళ్ళూ తడిగానే ఉండేవి.

సకుమా కార్యదక్షత గల మనిషి. నెల తిరక్కుండానే ‘విభాగ భోజన క్రమం’ అనే రెండు పేజీల కాగితం తయారుచేసి, అందరి చేతా సంతకానికి బదులుగా వాడే ముద్రలు వేయించాడు. ముందు మాంసం, తరువాత చిగుళ్ళు, తరువాత పోగులు, చివరకు సూప్. కొత్తగా చేరినవారికి గంటసేపు శిక్షణ. ఆ ఏడాది వైద్య పరీక్షల్లో విభాగమంతటికీ రక్తపోటు ఒకేలా పెరిగినట్టు తేలింది. డాక్టరు తలపట్టుకున్నాడు. విషయాన్ని కూలంకషంగా చర్చించి, మ్యాన్‌హోల్ మూతల ఒత్తిడి వల్లనేనని నిర్ధారించి, పొద్దున చేసే వ్యాయామాన్ని నాలుగు నిమిషాలు పొడిగించారు.

పక్కనున్న పార్కు బెంచీల విభాగం వారు ఊరుకుంటారా? అధ్యయన యాత్రకు వచ్చారు. మూడు నిమిషాల దూరానికి బస్సు మాట్లాడుకుని మరీ వచ్చి, ఫోటోలు తీసుకుని, నివేదిక రాసి, వాళ్ళూ కలపడం మానేశారు. సంగతి మేయరు గారి దాకా వెళ్ళింది. ఆయన స్వయంగా కొట్టుకు విచ్చేసి ప్రసంగించారు.

“ఈ గిన్నెలో మాంసం మాంసంగానే ఉంది, నూడుల్స్ నూడుల్స్‌గానే ఉన్నాయి. ఎవరి చోట వారుంటూ, ఎవరి జోలికీ పోకుండా, ఒకే గిన్నెలో ఇమిడిపోవడం! ఇదే మన నగర స్ఫూర్తి! మన పూర్వీకులు ఇలాగే తిని ఉంటారని నా ప్రగాఢ విశ్వాసం!”

పూర్వీకులలో ఒకరైన తొకిఎ పిన్ని గరిటె పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. ‘కలపని నూడుల్స్ సంప్రదాయ పరిరక్షకురాలు’ అని ఆమెకు ప్రశంసాపత్రం ఇచ్చారు. కొట్టులో మేకు ఒక్కటే ఉంది. పత్రాన్ని దానికే తగిలించారు. బోర్డు దాని వెనక్కి పోయింది.

“నా బోర్డు మీదా?” అంది పిన్ని.

“చాలా బాగా కుదిరింది,” అన్నారు మేయరు గారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఒక శనివారం ఇక తట్టుకోలేక, నిషిగాకి మాస్కు, టోపీ పెట్టుకుని ఒంటరిగా కొట్టుకు వచ్చాడు. గిన్నె వచ్చింది. ఆవిరి వచ్చింది. చాప్‌స్టిక్స్ అడుగుకు తాకాయి. అప్పుడు తలెత్తి చూస్తే, ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు, మాస్కులూ టోపీలూ పెట్టుకున్న తన విభాగం వాళ్ళే, చాప్‌స్టిక్స్ అడుగుదాకా దించి తన వైపే చూస్తున్నారు. ముగ్గురూ మర్యాదగా తలలు వంచి నమస్కరించుకున్నారు. ముగ్గురూ కలపకుండా తిని, సూప్ తాగి, వెళ్ళిపోయారు.

మూడేళ్ళు గడిచాయి. మార్చి ఆఖరున ఒగురుసు గారి పదవీ విరమణ. వీడ్కోలు విందు ఎక్కడో వేరే చెప్పక్కర్లేదు. ఒగురుసు గారు పక్కనే కూర్చున్న నిషిగాకి చెవి దగ్గరకు వంగి, గొంతు తగ్గించి అడిగారు.

“వెళ్ళిపోతున్నాను కదా, ఒకటి అడుగుతాను. ఇది కలుపుకుని తినాలి, కదూ?”

నిషిగాకి చాప్‌స్టిక్స్ కింద పెట్టాడు. “మీకు... మీకెప్పుడు తెలిసింది సార్?”

“మొదటిరోజే అనుమానమొచ్చిందోయ్. కౌంటర్ దగ్గర లారీ డ్రైవరొకడు గిరగిరా కలిపేస్తున్నాడు. నేనూ కలుపుదామని చూస్తే, పద్నాలుగేళ్ళుగా తింటున్న నువ్వే కలపడం లేదు. మీ విభాగం ఆచారమేమో, కొత్తగా వచ్చినవాణ్ణి, నేనెందుకు చెడగొట్టడమని ఊరుకున్నాను. నాకిప్పుడు బీపీ మాత్రలోయ్!”

“అయ్యో సార్! పోనీ ఈ పూటైనా కలుపుదామా?”

ఒగురుసు గారు బల్ల పొడుగునా వంగి ఉన్న తలలను చూశారు. “వద్దులే,” అన్నారు. “వెళ్ళిపోయే రోజున రసాభాస దేనికి?”

ఏప్రిల్లో నిషిగాకి అధికారి అయ్యాడు. మొదటి మధ్యాహ్నం దూరపు కుర్చీలో కూర్చుని, గిన్నెలు రాగానే లేచి నిలబడ్డాడు. “మిత్రులారా! మూడేళ్ళు మనం ఒకరికి భయపడి ఒకరం నోరు కట్టుకున్నాం. ఇవాళ్టి నుంచి ఈ విభాగంలో ఎవరికి నచ్చినట్టు వాళ్ళు తినొచ్చు. కలుపుకుంటారో, మానుకుంటారో, మీ ఇష్టం!”

చప్పట్లు మోగాయి. సకుమా అంతా రాసుకున్నాడు. తరువాత పన్నెండు మందీ చాప్‌స్టిక్స్ గాలిలో పట్టుకుని, తమ ఇష్టం ఏమిటో తెలుసుకోవడానికి అధికారి వైపు చూశారు.

నిషిగాకి ఇక ఆగలేకపోయాడు. అడుగుదాకా దించి తిప్పాడు. ఆవిరి గుప్పుమంది. మూడేళ్ళ ఆకలి! ముప్పై తిప్పులు తిప్పి, నోటినిండా జుర్రుకున్నాడు. కొవ్వు, కారం, పులుపు ఒక్కసారిగా నాలుక మీదికి వచ్చాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ ఆనందం పచ్చినిజం, అందులో వెక్కిరించడానికి ఏమీ లేదు.

కళ్ళు తెరిచేసరికి అందరూ ముప్పై తిప్పులు పూర్తిచేశారు. గత ఏడాది చేరిన అమ్మాయి, కలపని నూడుల్సే నిజంగా ఇష్టపడే ఒకే ఒక్క మనిషి, కలిపిన నూడుల్స్‌ను కష్టం మీద మింగుతూ “ఎంత బాగుందో సార్!” అంది.

జుర్రుకునేటప్పుడు నిషిగాకి గీతల టై మీద, పై నుంచి మూడో గీత దగ్గర, పులుసు చుక్క ఒకటి పడింది. ఆయన తుడుచుకోబోయి తలెత్తాడు. సకుమా తన టై మీద, మూడో గీత ఎక్కడో వేలితో కొలిచి చూసుకుని, చాప్‌స్టిక్ కొసతో జాగ్రత్తగా ఒక చుక్క అంటించుకుంటున్నాడు. అతని పక్కాయన అప్పటికే అంటించుకున్నాడు. టై లేని ఆడవాళ్ళు చొక్కా బొత్తాలు లెక్కపెట్టుకుంటున్నారు.

“అదేం పనయ్యా, ఆపండి!” అనడానికి నిషిగాకి నోరు తెరిచాడు. ఈసారి బల్ల కింద నుంచి ఏ బూటూ రాలేదు. ఆయనను ఆపేవారు ఇప్పుడు ఎవరూ లేరు. పన్నెండు చుక్కలనూ ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. ఇంట్లో ఇన్నేళ్ళలో ఒక్కరైనా ఆయన మాట విన్నది లేదు. తెరిచిన నోటిని నూడుల్స్‌తో మూసుకున్నాడు.

మర్నాడు ఆయన టై మీద రెండు చుక్కలు పడ్డాయి. రెండోది చేయి జారి పడింది కాదు.